మూడు విజిల్స్, నా అపెండిక్స్

నా ఒంట్లోంచి బయటికి వెళ్లి మంచిపేరు తెచ్చుకున్నది ఒక్క అపెండిక్సే. మిగతా భాగాలన్నీ ఇంకా నాతోనే ఉన్నాయి గానీ, వాటిని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు.

శంషాబాద్‌లో పాత బెంగళూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చిన్న పాథాలజీ ల్యాబ్ ఉంది. అందులో నేను టెక్నీషియన్‌ని. దవాఖానల్లో తీసిన గడ్డల ముక్కలు సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని మైనంలో పోసి గట్టిపరిచి, ఉల్లిపొరకన్నా పలుచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతాం. మామూలు రంగులతో కణాల ఆకారం తెలుస్తుంది. కానీ ఒక్కోసారి ఆకారం చూసి అది ఏ జాతి కణమో చెప్పలేం. అప్పుడు దాని ఒంటి మీద ఏ ప్రొటీన్ ఉందో కనుక్కోవాలి. అందుకోసం యాంటీబాడీ వేస్తాం. తనకు కావలసిన ప్రొటీన్ కనిపిస్తే యాంటీబాడీ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పట్టుకున్న చోట మేం గోధుమరంగు తెప్పిస్తాం. కనిపించకపోతే స్లైడంతా నీలంగా ఉండిపోతుంది. నా ఉద్యోగమేమిటని చుట్టాలు అడిగితే ఇదంతా ఓపిగ్గా చెబుతాను. చివరిదాకా విని, 'అయితే రక్తం తీస్తావన్నమాట' అంటారు. అవునంటాను.

ఈ పనిలో ఒక పట్టింపు ఉంది. రోగి ముక్క ఉన్న గాజు పలక మీదే, పై అంచు వైపు విడిగా ఇంకో ముక్క పెట్టాలి. మేం వెతికే ప్రొటీన్ అందులో కచ్చితంగా ఉందని ముందే తెలిసి ఉండాలి. ఆ ముక్క గోధుమరంగులోకి వచ్చిందంటే మా రంగు సరిగ్గా పనిచేసినట్టు, ఇక రోగి ముక్క ఏం చెప్పినా నమ్మొచ్చు. అదీ నీలంగానే ఉండిపోతే తప్పు మాది. ఆ పై ముక్కను కంట్రోల్ అంటారు. తెల్లరక్తకణాల రకాలు తేల్చాలంటే, ఆ కణాలు దండిగా ఉండే టాన్సిల్ కంట్రోల్‌గా కావాలి, లేదంటే అపెండిక్స్.

కొన్నేళ్ల కిందట మా దగ్గర అవి రెండూ అయిపోయాయి. దొరికే దారి కోసం వెతుకుతున్న రోజుల్లోనే నేను బుద్వేల్‌లో ఒక పెళ్లికి వెళ్లి, బిర్యానీ తిని, తిరిగి వస్తూ ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. అక్కడ మొదలైంది కడుపులో కుడివైపు నొప్పి. సిగ్నల్ రెండుసార్లు పచ్చబడి ఎర్రబడేలోపు నేను స్టీరింగ్ మీదికి వంగిపోయాను. దవాఖానలో అపెండిక్స్ అన్నారు, వెంటనే తీసేయాలన్నారు. నొప్పితో మెలికలు తిరుగుతూనే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆపరేషన్ బల్ల మీద డాక్టర్‌గారి చెయ్యి పట్టుకుని, "సార్, ఫార్మలిన్ ముక్కకు పదింతలు పోయండి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి" అన్నాను. ఆయన పక్కకు తిరిగి, "అప్పుడే మత్తు ఎక్కిందా?" అని అడిగారు. "ఇంకా ఇయ్యలె సార్" అన్నది నర్సు.

అలా నా అపెండిక్స్ మా ల్యాబ్‌లో చేరింది. ఇచ్చేవారి అంగీకార పత్రం మీద నేనే సంతకం చేశాను, పుచ్చుకున్నవారి సంతకమూ నేనే చేశాను. మొదటి స్లైడు మైక్రోస్కోపులో చూసి మా పాథాలజిస్టు మేడం చాలాసేపు తల ఎత్తలేదు. ఆమెది భీమవరం వైపు. తొందరపడి ఎవరినీ పొగిడే మనిషి కాదు. "మీ అపెండిక్స్ చాలా అందంగా ఉందండీ" అన్నారు. ఇంటికి వెళ్లి ఆ ముక్క మా ఆవిడతో చెప్పాను. ఆమె పప్పు గరిటె పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఉన్న ఒక్క మంచిదీ తీసి వాళ్లకిచ్చినవా?" అన్నది.

ఇక కుక్కర్ సంగతి చెప్పాలి. ముక్క చెడిపోకుండా ఫార్మలిన్‌లో వేస్తారు కదా. ఫార్మలిన్ ముక్కను కాపాడుతుంది, కానీ అందులో పడ్డ ప్రొటీన్ ముడుచుకుపోయి ఎవరికీ ముఖం చూపించదు. దాన్ని మళ్లీ విప్పాలంటే ఉడికించాలి. పెద్ద ల్యాబుల్లో అందుకు యంత్రాలు ఉంటాయి. మాకు అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఉంది. స్లైడ్లను స్టీలు స్టాండులో నిలబెట్టి, నిమ్మఉప్పు కలిపిన నీళ్లు పోసి, మూత బిగించి మూడు విజిల్స్ రానివ్వాలి. తక్కువైతే ప్రొటీన్ విప్పుకోదు. ఎక్కువైతే ముక్క గాజు మీది నుంచి ఊడిపోయి నీళ్లలో తేలుతుంది. ల్యాబు సామాన్ల జాబితాలో ఈ కుక్కర్‌కి చాలా గొప్ప పేరు రాసి పెట్టాం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆ పేరు చదివి, కుక్కర్‌ని చూసి, మళ్లీ పేరు చదివి, "దీంతో ఇడ్లీ ప్లేట్లు కూడా వచ్చాయా?" అని అడిగాడు. వచ్చాయి. అవి మా భాయ్ ఇంట్లో ఉన్నాయి.

భాయ్ అంటే మా ల్యాబ్‌లో మైనపు దిమ్మలను పలుచగా కోసే మనిషి. బుద్వేల్ నుంచి వస్తాడు. నేను బిర్యానీ తిన్నది ఆయన బావమరిది పెళ్లిలోనే కాబట్టి, నా అపెండిక్స్ ల్యాబ్‌కి రావడంలో తనకూ భాగం ఉందని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ముక్కను కోసేటప్పుడు ఊపిరి బిగబడతాడు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మితే సాయంత్రం దాకా మాట్లాడడు.

మేం ఉన్నది విమానాశ్రయం పక్కన. మామూలుగా విమానాలు మాకు దూరంగానే పోతాయి. ఏ ఒకటో అరో మా మీదుగా వెళ్తుంది. ఒకసారి అలా వెళ్లినప్పుడు ఆ చప్పుడులో నాకు విజిల్ వినపడలేదు. ఇంకా రాలేదనుకుని ఎదురుచూశాను. మూత తీసి చూసేసరికి ముక్కలన్నీ ఊడి నీళ్లలో ఈదుతున్నాయి. ఆ దెబ్బతో నేనొక నియమం పెట్టుకున్నాను. కుక్కర్ పొయ్యి మీద ఉండగా విమానం వెళ్తే, ఆ చప్పుడు కింద ఒక విజిల్ వచ్చి ఉంటుందని లెక్క. విమానం ఒకటి, విజిల్ ఒకటి. ఈ నియమాన్ని ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. మేడం ఒకసారి టైమర్ కొని ఇచ్చారు. దాని బ్యాటరీ గోడ గడియారంలోకి వెళ్లింది, టైమర్ సొరుగులోకి వెళ్లింది. నేను ఎవరి మాటా చెవిన వేసుకునే రకం కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

మా ల్యాబ్ ఎదురుగా రేకుల కప్పు కింద చాయ్ కొట్టు ఉంది. నడిపేది ఒక అక్క. పొద్దున చాయ్, మధ్యాహ్నం పప్పూ అన్నం. క్యాబ్ డ్రైవర్లు, కార్గోలో పనిచేసేవాళ్లు, మేము, అందరం ఆమె చేతి తిండి మీద బతుకుతున్నవాళ్లమే. ఆమెది ఇక్కడే పక్క ఊరు, విమానాశ్రయం రాకముందు నుంచీ ఉన్న మనిషి. నెత్తి మీదుగా విమానం పోతుంటే మేమంతా మాట ఆపేసి బొమ్మల్లా నిలబడతాం. అక్క ఆపదు. మాట్లాడుతూనే ఉంటుంది, వినపడని భాగం చేతులతో చెబుతుంది. చేతుల్ని బట్టి మేం అర్థం చేసుకుంటాం.

ఒక రోజు మేడం చాయ్ తాగుతూ అక్క మెడ వైపు చూశారు. చెవి కింద నిమ్మకాయంత గడ్డ. "ఎన్నాళ్ల నుంచి ఉందండీ ఇది?" అని అడిగారు. సర్దికి వాచిందన్నది అక్క. మేడం గ్లాసు కింద పెట్టేసి, ఆ రోజే దగ్గరలోని దవాఖానకు పంపించారు. వాళ్లు లావుపాటి సూదితో సేమియా ముక్కంత తీసి మా ల్యాబ్‌కే పంపారు. అక్క అక్కడినుంచి మెడకు కట్టుతో వచ్చి, స్టవ్ దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పింది.

"సూది గాదది, గునపం. అయిందేదో అయింది. ఇగ మళ్ల మెడల సూది అంటే మాత్రం నేను దవాఖాన దిక్కు చూడ. చస్తే చస్త గని పోను."

అక్క అన్నదంటే అన్నట్టే. ఆ సంగతి మాకు తెలుసు. ఉప్మా చెయ్యనని ఒకసారి అన్నది, ఆ కొట్టులో ఇప్పటికీ ఉప్మా లేదు.

మామూలు రంగులో మేడం ఆమె ముక్క చూశారు. పెద్ద పెద్ద కణాలు, ఒక పద్ధతీ పాడూ లేకుండా ఉన్నాయి. క్యాన్సరే. కానీ ఏ క్యాన్సర్? తెల్లరక్తకణాల్లో పుట్టిందా, లేక ఒంట్లో ఇంకెక్కడో పుట్టి మెడలోకి వచ్చి చేరిందా? తెల్లరక్తకణాలదైతే అందులో బి రకమా, టి రకమా? బి రకమైతే దాని మీద ఉండే ప్రొటీన్‌ని పట్టుకునే మందు ఉంది, బాగా పనిచేస్తుంది. ఎక్కడినుంచో వచ్చిందైతే కథ వేరు. రెండు యాంటీబాడీలు వేయమన్నారు మేడం, ఒకటి బి కణాలకు, ఒకటి టి కణాలకు. భాయ్ ముక్కను కోశాడు. పైన నా అపెండిక్స్, కింద అక్క.

మర్నాటికి రెండు స్లైడ్లూ తయారయ్యాయి. మేడం చూసి నన్ను పిలిచారు. అక్క ముక్క రెండింటిలోనూ నీలంగా ఉంది. బి కాదు, టి కాదు. అంటే ఇంకెక్కడినుంచో వచ్చి చేరిందేనా అనుకున్నాను. మేడం స్లైడుని కొంచెం కిందికి జరిపి, "తొందరపడకండి. మీ అపెండిక్స్ చూడండి" అన్నారు.

చూశాను. అదీ నీలమే. ఇన్నేళ్లలో ఎప్పుడూ నా పరువు తీయని అపెండిక్స్, చెరువులో పడ్డ చొక్కాలా పాలిపోయి ఉంది.

"నీ అపెండిక్స్‌కు ఉమర్ అయిపోయింది మియా" అన్నాడు భాయ్. "ఎన్నేండ్లని పనిచేస్తది, రిటైర్‌మెంట్ ఇయ్యి."

నాకు కోపం నషాళానికి అంటింది. యాంటీబాడీ పాతదన్నాను, నీళ్లు మంచివి కావన్నాను, కోసిన చెయ్యి వణికి ఉంటుందని కూడా అనేశాను. అది భాయ్‌ని అనకూడని మాట. ఆయన లేచి వెళ్లి మైనం కరిగించే గిన్నె ముందు అటు తిరిగి కూర్చున్నాడు. మేడం మమ్మల్ని విడదీసి, "ఆవిడ ముక్క ముట్టుకోకండి. ముందు మీది ఒక్కటే వేసి చూడండి" అన్నారు. వేశాను. మళ్లీ నీలమే. ఆ మధ్యాహ్నం నేను నా అపెండిక్స్ పోయిందని నిజంగానే బాధపడ్డాను. మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "పదకొండో రోజు ఎప్పుడు?" అని అడిగింది.

అసలు భయం వేరే ఉంది. భాయ్ కోపం తగ్గాక అక్క దిమ్మను దీపం కింద పెట్టి చూశాడు. ముక్క దాదాపు అయిపోయింది. "ఇంక రెండే పొరలు వస్తయి. జర ఎక్కువ తక్కువైతే అవి సుత రావు" అన్నాడు. అవి కూడా పాడైతే మళ్లీ సూది వేయించాలి. అక్క వేయించుకోదు. గడ్డేమో మా గొడవలు తీరేదాకా ఆగేది కాదు.

మర్నాడు పదకొండు గంటలకు చాయ్‌కి వెళ్లాను. అక్క గ్లాసు ఇస్తూ అడిగింది.

"తమ్మీ, నా ముక్కది ఏమైంది? గింత సేమియా ముక్కకు గిన్ని దినాలా?"

మంచి అబద్ధం ఒకటి సిద్ధం చేసుకునే వచ్చాను. యంత్రం రిపేరులో ఉందని చెప్పాలి. కానీ ఆమె ముఖం చూడగానే నా నోటికి నిజమే వచ్చింది.

"ఉడకలె అక్కా."

"ఏంది ఉడకలె?"

"నీ ముక్క."

అక్క గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నా మెడల ముక్కను మీరు ఉడకవెడుతున్నరా?"

"కుక్కర్ల" అన్నాను. ఇంతదాకా వచ్చాక దాచేదేముంది.

"ఎన్ని విజిల్స్?"

"మూడు."

"మూడు విజిల్స్‌కు కందిపప్పు సుత మెత్తగైతది. నా ముక్క కందిపప్పు కన్న గట్టిదా?" అన్నది. తర్వాత చీర కొంగు నడుముకు దోపుకుని, కొట్టుని గిన్నెలు కడుగుతున్న తన అత్తమ్మకు అప్పజెప్పి, "నడువు, చూస్త" అంటూ రోడ్డు దాటింది. ఆమె వెనకాలే గ్లాసు పట్టుకుని నేను పరుగెత్తాను.

రోగులను లోపలికి రానివ్వకూడదు. మేడం గుమ్మంలో ఎదురొచ్చారు. అక్క చెప్పిందంతా విని, నా వైపు చూసి, తల పట్టుకుని, "రానీయండి. ఆవిడ ముక్కేగా" అన్నారు. తన తెల్ల ఏప్రాను ఒకటి తీసి అక్కకు తొడిగారు. కిటికీలోంచి చూసిన క్యాబ్ డ్రైవర్లు, ల్యాబ్‌లో కొత్త డాక్టరమ్మ చేరిందని ఆ రోజంతా చెప్పుకున్నారట.

అపెండిక్స్ ఒక్కటే వేసి కుక్కర్ పెట్టాను. అక్క పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఆ వారమంతా గాలి ఎదురు తిరిగింది, విమానాలన్నీ మా సందు మీదుగానే దిగుతున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా బుర్రకెక్కలేదు. మొదటి విజిల్ వచ్చింది. "ఒకటి" అన్నాను. కాసేపటికి విమానం వెళ్లింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. "రెండు" అన్నాను. ఇంకోటి వెళ్లింది. "మూడు" అని స్టవ్ ఆర్పబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"రెండు ఎప్పుడొచ్చింది?"

"విమానం పోయింది కదక్కా."

"పోతే?"

"ఆ సప్పుడుల విజిల్ ఇనవడది. గందుకని విమానానికి ఒకటి లెక్కేసుకుంట."

"విజిల్ వచ్చిందా మరి?"

"వచ్చే ఉంటది."

అక్క చాలాసేపు నా ముఖం చూసింది. అలాంటి చూపు ఇంట్లో నాకు అలవాటే కానీ, బయట అదే మొదటిసారి. "ఇంట్ల నువ్వు ఎప్పుడన్న పప్పు వండినవా తమ్మీ?" అని అడిగింది. లేదన్నాను. "గందుకే మీ ఇంట్లోళ్లు బతికున్నరు" అన్నది.

ఇలాంటప్పుడు భూమి విచ్చుకుని లోపలికి పోవాలనిపిస్తుందంటారు. నాకు కుక్కర్లోకి దూరాలనిపించింది. అక్క ముక్కను వేసిన రోజు నేను లెక్కపెట్టిన మూడు విజిల్స్‌లో విమానాలెన్నో, విజిల్స్ ఎన్నో నాకే తెలియదు. మేడం కాక ఇంకెవరైనా ఆ స్లైడు చూసి, పైన అపెండిక్స్ సంగతి పట్టించుకోకుండా రిపోర్టు రాసి ఉంటే, నా నియమం వల్ల ఎక్కడా లేని క్యాన్సర్ కోసం అక్క ఒళ్లంతా వెతికేవాళ్లు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. భాయ్‌కి, అక్కకు, మేడంకి, అపెండిక్స్‌కి వరసగా క్షమాపణ చెప్పాను. భాయ్ మాత్రం "చలో, అపెండిక్స్‌కు ఉమర్ అయిపోలె. నాదే తప్పు" అని తన మాట వెనక్కి తీసుకున్నాడు.

అక్క అప్పటికే ఏప్రాను కింద నడుము దగ్గర ఏదో వెతుకుతోంది. బొడ్డు సంచిలోంచి చింతగింజలు తీసింది. మూడింటిని కుక్కర్‌కి ఎడమవైపు పెట్టింది.

"ఇక్కడ చెవులతోటి వంట కాదు తమ్మీ. గీ విమానాలు వచ్చినకాడికెల్లి నేను విజిల్ ఇనుడే బంద్ చేసిన. చూస్త. వెయిట్ లేసి ఆవిరి కొట్టిందా, ఒక గింజ ఇటు నుంచి అటు. లేవలేదా, ఎన్ని విమానాలు పోయినా గింజ గాడనే."

ముందు అపెండిక్స్ ఒక్కదాన్నే ఆమె లెక్కన ఉడికించాం. సాయంత్రానికి మైక్రోస్కోపులో చూస్తే గోధుమరంగు గుండ్రాలతో కళకళలాడుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాసేపు ఎవరినీ మైక్రోస్కోపు దగ్గరికి రానివ్వలేదు.

తర్వాతి రోజు పొద్దున అక్క ముక్క వంతు. భాయ్ ఏసీ ఆపించాడు, ఫ్యాన్ ఆపించాడు, నన్ను గది అవతలికి పంపి తలుపు వేయించాడు. దిమ్మను బిగించి, బిస్మిల్లా అనుకుని, ఊపిరి బిగబట్టి చక్రం తిప్పాడు. రెండు పొరలు వచ్చాయి. మూడోది తునకలైపోయింది. ఆ రెండింటినీ గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, నా అపెండిక్స్ ఉన్న గాజు పలకల మీదికి ఎక్కించి బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. "ఇగ నా తాన ఏం లేదు" అన్నాడు.

కుక్కర్ ముందు స్టూలు వేసుకుని అక్క కూర్చుంది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. మూడు గింజలు ఎడమవైపు. నేను వెనక నిలబడ్డాను. లోపల ఉన్నవి రెండు గాజు పలకలు, వాటి మీద ఉన్నది ఆమె మెడలోంచి వచ్చిన ఆఖరి ముక్క. అవి చెడితే ఇంకేమీ లేదు. ఆమె మాత్రం రోజూ పప్పుని చూసినట్టే చూస్తోంది. నాకు చెప్పలేనంత భయమేసింది. ఒక విజిల్‌కి గింజ కదిలింది. విమానం వచ్చింది. పాత అలవాటు, నా నోరు దానంతటదే 'రె' అని తెరుచుకుంది. అక్క వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తింది. నోరు మూసుకున్నాను. విమానం పోయింది, గింజ ఉన్నచోటే ఉంది. తర్వాత వెయిట్ లేచి ఆవిరి గోడకు కొట్టింది. రెండో గింజ కదిలింది. ఇంకో రెండు విమానాలు పోయాక గానీ మూడోది కదల్లేదు.

"ఆర్పు" అన్నది అక్క. ఆర్పాను.

మధ్యాహ్నానికి స్లైడ్లు మేడం చేతికి ఇచ్చాను. అక్క తలుపు దగ్గర నిలబడింది. మేడం టి కణాల స్లైడు చూశారు. అపెండిక్స్ గోధుమరంగు, అక్క ముక్క నీలం. బి కణాల స్లైడు మార్చారు. చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు.

"రండి" అన్నారు అక్కతో. "ఇది మీరే వండారు, మీరే చూడండి."

అక్క ఒక కన్ను మూసి, ఇంకో కన్ను అద్దానికి ఆనించింది. మేడం ఆమెకు అర్థమయ్యేలా చెప్పారు, ఇది క్యాన్సరేనని, తెల్లరక్తకణాలదని, ఆ గోధుమరంగుగా కనిపిస్తున్న ప్రొటీన్‌నే పట్టుకునే మందు ఉందని, మందు ఎక్కించుకోవడానికి ఆరుసార్లు పెద్ద దవాఖానకు వెళ్లాలని, ఇంకో ముక్క తీయాల్సిన పని లేదని. అక్క కన్ను తీయకుండానే వింది. అలాగే అడిగింది.

"గీ మట్టిరంగు గుండ్రాలేనా నాయి?"

"అవేనండీ. కిందివి."

"మరి పైనున్నది ఎవలది? మస్తు ముద్దుగున్నది."

"నాది అక్కా" అన్నాను. ఆ మాట అంటూ నాకు గర్వంగా అనిపించింది. ఆ సమయంలో అలా అనిపించకూడదని తెలిసి, సిగ్గేసింది కూడా.

అక్క తల ఎత్తి నన్ను చూసింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, నోటి చివర నవ్వూ ఉంది. "అంటే మనిద్దరం ఒక్క కుక్కర్ల ఉడికినోళ్లం" అన్నది.

తర్వాతి నెలలు మాకు కష్టకాలం. అక్క మందు ఎక్కించుకోవడానికి వెళ్లొచ్చి పడుకునేది, కొట్టు అత్తమ్మ చూసుకునేది. అత్తమ్మ చాయ్‌లో అల్లం, మిరియాలు, వాము వేసేది. మా ఆరోగ్యం కోసమట. తాగాక మాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చేది. అయినా గ్లాసు ఖాళీ చేసేవాళ్లం. స్టవ్ పక్కన రెండు స్టీలు గ్లాసులు పెట్టి ఉండేవి. ఎడమ గ్లాసులో అక్క ఆరు చింతగింజలు వేసి వెళ్లింది. మందు ఎక్కించుకుని వచ్చినప్పుడల్లా ఒక గింజ కుడి గ్లాసులోకి పోయేది. మేం చాయ్‌కి వెళ్లగానే ముందు గ్లాసులు చూసేవాళ్లం. మూడో గింజ కదిలేటప్పటికి అక్క తలకు రుమాలు కట్టుకుంది. నాలుగో గింజ పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రోజులూ నేను కుక్కర్ పెట్టిన ప్రతిసారీ ఆ గ్లాసే గుర్తొచ్చింది. అయిదో గింజ, ఆరో గింజ. తర్వాత మళ్లీ స్కానింగ్ తీశారు, రిపోర్టుకు రమ్మన్నారు.

రిపోర్టు రోజు పదకొండింటికి మేడం, భాయ్, నేను, నలుగురైదుగురు డ్రైవర్లు కొట్టు ముందు నిలబడ్డాం. అత్తమ్మ చాయ్ అందరి చేతుల్లోనూ ఉంది, ఎవరూ తాగడం లేదు. గాలి మళ్లీ ఎదురు తిరిగింది. ఆటో వచ్చి ఆగింది. అక్క దిగి, రుమాలు సర్దుకుని, మా అందరినీ చూసి మొదలుపెట్టింది.

"పెద్ద డాక్టర్ ఏమన్నడంటే..."

విమానం వచ్చింది, సరిగ్గా మా నెత్తి మీదికి. మేమంతా బొమ్మల్లా ఆగిపోయాం. అక్క ఆగలేదు. పెదాలు కదులుతున్నాయి, ఒక్క ముక్క కూడా వినపడడం లేదు. అక్క చెవి కింద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని ముందుకు చాపి తెరిచింది. అందులో ఏమీ లేదు. స్టవ్ దగ్గరికి వెళ్లి కుడి గ్లాసు తీసుకుని, ఆరు గింజలనూ రోడ్డు పక్క మట్టిలోకి విసిరేసింది. వచ్చి నా చేతిలో చాయ్ లాక్కుని, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, దాన్ని కూడా పారబోసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు. విమానం దూరమైంది.

భాయ్ నా భుజం కుదిపాడు. "ఏమన్నది? గడ్డ ఉన్నదా, పోయిందా? నువ్వు విన్నవా?"

"వినలె భాయ్" అన్నాను. "చూసిన."

అక్క అప్పటికే అత్తమ్మను పక్కకు జరిపి, గిన్నె కడిగి, కొత్తగా చాయ్ పెడుతోంది.